శాంతమ్మవ్వ ఇసుర్రాయి

1946, సోమవారం రాత్రి, నారాయణఖేడ్

అణుబాంబు మీద ఒక చిన్న పుస్తకం చదివి నిన్న చర్చిలో ఆదివారం ప్రసంగంలో గర్జించాను. ప్రతి గింజలోనూ అణువులున్నాయి, అణువు పగిలితే ఊరే బూడిద అన్నాను. ఈ సాయంత్రం శాంతమ్మవ్వ ఇంటికి వెళ్తే పొయ్యి వెలగలేదు, మనవరాళ్లు ఆకలితో కూర్చున్నారు.

"జొన్నలు ఇసురుతలేనయ్యా. రాయి కింద గా అణువు పగిలితే ఖేడ్ మొత్తం కాలదా? నువ్వే గద చెప్తివి."



"ఇసిరితే పగలదవ్వా."

"ఎందుకు పగలదు?"

పుస్తకంలో ఆ సంగతి లేదు. కాలేజీలో లెక్కలు కట్టి చదివినవాళ్లకు తెలుసేమో. నేను కథలా చదివాను, దేవుని వాక్యంలా చెప్పాను.

చంకలోని బైబిలు పక్కన పెట్టి నేనే ఇసిరాను. పిండి రాలింది. అవ్వ పొయ్యి ముట్టించింది.

మొదటి చుట్టు తిప్పేటప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. ఆమె ప్రార్థన అనుకుంది.