అమ్మ గొంతు, సమ్మన్న స్పీడు

జూన్ 2

పొద్దున్నే పదకొండు ఫిర్యాదులు. ఫోనులో ఉన్నది తెలుగులో చదివి వినిపించే మా యాప్ మీద. చూపు లేనివాళ్ల కోసం ఊరికే ఇస్తున్నాం. కోడ్ ఎవరైనా తెరిచి బాగుచేయొచ్చు. చేయొచ్చు గానీ, నాలుగేళ్లుగా చేస్తున్నది నేనొక్కదాన్నే. గాజుల కొట్టులో, గల్లా పక్కన లాప్‌టాప్ పెట్టుకుని.

పదకొండోది సమ్మన్నది. స్టేషన్ ఘన్‌పూర్‌లో సోషల్ సారు. చూపు లేదు, మొహమాటం అసలే లేదు. "చెల్లె, కొత్త గొంతు మంచిగుంది. పాతది మాత్రం తియ్యకు."

తీసేస్తున్నానని నిన్ననే అందరికీ చెప్పాను.

జూన్ 3

కొత్త గొంతు అమ్మది. ఎండాకాలమంతా, బేరాలు లేని మధ్యాహ్నాలు, ఫ్యాను ఆపి, షట్టర్ సగం దించి రికార్డు చేశాం. గాజులు చప్పుడవుతున్నాయి, తీసేయమంటే తీయనంది. రెండు చేతులకూ తువ్వాళ్లు చుట్టుకుని, చెమటలు కక్కుతూ చదివింది.

పాత గొంతేమో మిషన్‌ది, రేకు డబ్బాలో గులకరాళ్లు. దాని కోసం ఇంత పట్టుదలా?

జూన్ 5

రెండూ ఉంచితే నాకు రెండింతల పని. అదే రాశాను, కాస్త కటువుగానే. సమ్మన్న వాయిస్ మెసేజ్ — "నీ కష్టం నాకెరుకే. నేను ఎంత జల్ది వింటనో నీకెరుక లేదు."

ఒళ్లు మండింది.

జూన్ 6

లాప్‌టాప్ తెరవలేదు. తెరవలేదన్న దిగులుతోనే రోజు గడిచింది. ఒకావిడ రెండు-నాలుగు సైజు గాజులు అడిగితే రెండు-ఎనిమిది చేతిలో పెట్టాను. ఆవిడ నా మొహం చూసి, నవ్వకుండా తిరిగిచ్చింది.

మానేస్తే? ఎవరికి చెప్పి మానేయాలి?

జూన్ 8, ఆదివారం

ఘన్‌పూర్ వెళ్లాను, పోట్లాడటానికే. అమ్మా వచ్చింది. "నా గొంతు మీద లొల్లి నడుస్తాంటే నేను ఇంట్ల కూసుంటనా?"

సమ్మన్న ఫోను నా చేతిలో పెట్టాడు. "కండ్లు మూసుకో. నేను పాఠం తయారు చేసుకునే స్పీడు ఇది." అమ్మ గొంతు. మాటలన్నీ కలిసి ముద్దైపోయాయి. తర్వాత పాత గొంతు పెట్టాడు. అంత వేగంలోనూ మాట మాటా విడిగా ఉంది. నాకు సగం అందింది, ఆయనకు మొత్తం.

"ఇది పని చేసే గొంతు, చెల్లె. అమ్మది నిమ్మళంగ కూసోని ఇనేది. నా బిడ్డ అన్నం తినుకుంట కథలు దాంతోనే ఇంటాంది."

అమ్మ మురిసిపోయింది. "నన్ను గంతగనం ఉరికిచ్చుడెందుకు సారూ, నాకే ఆయాసం వస్తాంది."

నాలుగేళ్లలో ఒక్కసారీ కళ్లు మూసుకుని, వాళ్ల వేగంలో వినలేదు నేను. సిగ్గేసింది. "సరే అన్నా, రెండూ ఉంటాయి" అన్నాను. అని, వాళ్లిద్దరి ముందే ఏడ్చేశాను. ఆ రెండింతల పని మళ్లీ నాదేగా.

సమ్మన్న తడిమి, మంచినీళ్ల గ్లాసు నా ముందుకు జరిపాడు. "నాలుగేండ్ల సంది తప్పులు చెప్పుడే గాని, తిన్నవా అని ఒక్కనాడు అడగకపోతిమి" అన్నాడు. "నెల రోజులు తాళం నాకియ్యి. ఫిర్యాదులు నేను చూస్త. కోడ్ కూడ నేర్చుకుంటానే ఉన్న. ఏం ఫికర్ చెయ్యకు."

తాళమంటే యాప్‌లో ఏ మార్పు ఉండాలో, ఏది వద్దో తేల్చే హక్కు. ఇప్పటిదాకా నా ఒక్కదానిదే.

జూన్ 10

ఇవ్వాలా... సమ్మన్న నాతో ఏకీభవించింది బహుశా రెండుసార్లు. కానీ ఆయన తప్పుబట్టిన ప్రతిసారీ యాప్ కాస్త బాగుపడింది. శభాష్ అన్నవాళ్లలో మళ్లీ కనిపించినవాళ్లు లేరు.

ఇచ్చాను. చెయ్యి తేలికైంది. గుండె కాలేదు.

జూన్ 11

రెండు గొంతులూ ఉండేలా కోడ్ రాసి నిన్ననే పెట్టాను. నెల సెలవుకు ముందు ఆఖరి పని అనుకున్నాను. మధ్యాహ్నానికి సమ్మన్న తిప్పి పంపాడు. నా యాప్‌లో, నా కోడ్‌ని.

కింద రాశాడు — "పాత గొంతును సెట్టింగులల్ల ఎక్కన్నో అడుగున దాసినవ్. అలిగి రాసినట్టున్నది. నెల తర్వాత రా చెల్లె, మంచిగ కొట్లాడుదాం."

అలిగే రాశాను. ఆ సంగతి నాకే ఇప్పుడు తెలిసింది.

అయినా పది లైన్ల జవాబు టైపు చేశాను. అమ్మ వచ్చి లాప్‌టాప్ మూత సగం దించింది, షట్టర్ దించినట్టే. "జరసేపు పండుకో బిడ్డా. బేరాలు నేను చూస్త."

మూత సందులోంచి, జవాబు పంపే బటన్ ఇంకా కనిపిస్తోంది.