వంటింటి చప్పుళ్లు

శామీర్‌పేట,
2 ఆగస్టు 2007

ప్రియమైన తమ్ముడు పరమేష్‌కు,

మనిద్దరం కలిసి బిగించి టీవీకి తగిలించిన కంప్యూటర్ మళ్లీ నిండింది. ఎనభై జీబీ హార్డ్ డిస్క్ రెండు వారాలు కూడా రాలేదు. సినిమాలు సగం తీసేసినా చాలడం లేదు. ముప్పై ఏళ్లు టెలిఫోన్ లైన్లు లాగినవాణ్ని, ఈ డబ్బా ముందు మాత్రం రోజూ ఓడిపోతున్నాను. ఇంకా పెద్ద డిస్క్ చూడు. మీ వదినను మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది, అందుకే మేడ్చల్ రాలేకపోయాను. ఫోన్ చేయకు, అది ముందు గదిలో ఉంది. బక్కయ్య పాల వ్యాన్‌లో ఉత్తరం పంపు.

మీ అన్న,
సిద్దయ్య

మేడ్చల్,
6 ఆగస్టు

ప్రియమైన సిద్దన్నకు నమస్తే,

నూట అరవై జీబీ డిస్క్ పంపుతున్నాను. దీని కోసం సికింద్రాబాద్ పోవాలని గుండ్లపోచంపల్లి గోదాములో సెలవు అడిగితే, మా సూపర్‌వైజర్ "ఏంది పరమేషూ, మల్ల గా కంప్యూటరేనా" అన్నాడు. నా దగ్గర వంద సినిమాలున్నా ఇంకా జాగా ఉంది. నీకు రెండు వారాల్లో ఎట్లా నిండుతోంది? ఏం దాస్తున్నావో చెబితే ఫైళ్లు చిన్నవి చేసే దారి చెబుతాను. నువ్వేమో చెప్పవు, ఫోన్ వద్దంటావు. నిజం చెప్పాలంటే విసుగొస్తోంది.

వదినకు నమస్తే చెప్పు.
పరమేష్

శామీర్‌పేట,
5 సెప్టెంబర్

ప్రియమైన పరమేష్,

కొత్త డిస్క్ కూడా నెలలోపే నిండింది. అది చాలదన్నట్టు నిన్నటి నుంచి కంప్యూటర్ దాన్ని గుర్తించడమే లేదు. కేబుల్ మార్చాను, పవర్ సప్లై మార్చాను, విప్పి బిగించి వేలు కోసుకున్నాను. డిస్క్ పంపుతున్నాను. ఎట్లాగైనా నడిచేలా చేయి. అందులో ఏముందో కలిసినప్పుడు చెబుతాను. జల్దీ పంపు, రోజులు తక్కువున్నాయి.

సిద్దయ్య

మేడ్చల్,
9 సెప్టెంబర్

ప్రియమైన సిద్దన్నా,

డిస్క్‌కు ఏమీ కాలేదు. వెనక పిన్నుల మీద ఉండే జంపర్ అనే చిన్న ముక్క ఊడిపోయింది, కొత్తది పెట్టాను. కానీ తెరిచి చూస్తే ఒక్క సినిమా లేదు. అన్నీ తేదీల పేర్లతో గంటల కొద్దీ ఫైళ్లు. మూడు విన్నాను. గిన్నెల చప్పుడు, కుక్కర్ కూత, కూరగాయలామెతో వదిన బేరం. మైక్ ఆపడం మరిచిపోయి రోజంతా నడిపావన్నమాట. ఇన్నాళ్లూ మనం పరేషాన్ అయింది దీనికా? అంతా తుడిచేసి, డిస్క్ నిండా నా సినిమాలు ఎక్కించాను. ఇక హాయిగా చూసుకో.

నీ తమ్ముడు,
పరమేష్

శామీర్‌పేట,
10 సెప్టెంబర్

పరమేష్,

ఎవరినడిగి తుడిచావు?

మీ వదిన దుర్గాబాయి గొంతులో గడ్డ ఉంది. ఈ శుక్రవారం ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారట. ఆ తరువాత ఆమెకు మాట ఉండదు. డాక్టర్ ఆ మాట చెప్పినప్పటి నుంచి బియ్యం డబ్బా వెనక మైక్ పెట్టాను. తెలిస్తే మామూలుగా మాట్లాడదని ఆమెకు చెప్పలేదు. ఫైళ్లు చిన్నవి చేస్తే గొంతు మారుతుందేమోనని భయపడి అట్లాగే ఉంచాను. పాత డిస్క్‌లోవి కూడా ఇందులోకే మార్చి దాన్ని ఖాళీ చేశాను. నీకు వినిపించింది గిన్నెల చప్పుడే.

డిస్క్ వెనక్కి పంపుతున్నాను. వెతుకు.

సిద్దయ్య

మేడ్చల్,
11 సెప్టెంబర్

సిద్దన్నా,

పని మానేసి పొద్దుటి నుంచి వెతికాను. సినిమాలు ఎక్కిన చోట పాతవేవీ మిగలలేదు. ఇరవై నిమిషాల ముక్క ఒక్కటి దొరికింది. అందులో మిక్సీ చప్పుడు తప్ప ఏమీ లేదు. అడగకుండా చేశాను. నీ ఇంటి గడప తొక్కే మొహం లేదు.

పరమేష్

శామీర్‌పేట,
8 అక్టోబర్

ప్రియమైన పరమేష్,

నీ ఆఖరి ఉత్తరం బక్కయ్య నా చేతికివ్వలేదు, మీ వదినకిచ్చాడు. చదివి నన్ను పిలిచింది. "నన్ను అడగకుంట నా మాటలు దాచినవా? నేను నిన్ను తిట్టుకున్నవి గూడనా?" అంది. ఆ తరువాత తనే, "పోతే పోనీ. గవి నేను చెప్పాల్ననుకున్న మాటలు గావు. పెట్టు మైకు" అంది.

అప్పటికి ఆపరేషన్‌కు రెండు రోజులే ఉన్నాయి. మొదటి రోజు కంప్యూటర్ రెండుసార్లు ఆగిపోయింది, గంట మాటలు పోయాయి. నేను తల పట్టుకుంటే ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పింది. కూతురు సుచిత్ర కోసం కొన్ని మాటలు చెప్పింది. తన తల్లి నేర్పిన వరినాట్ల పాట పాడింది, మధ్యలో దగ్గొస్తే ఆగి పాడింది. అలసిపోయినప్పుడు తనే ఆపమంది. మొత్తం కలిపితే గంటన్నర లేదు. నేను రోజుల తరబడి పోగేసినదాంట్లో ఆమె నాతో ఒక్క మాటైనా ఇంత నిదానంగా చెప్పలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడు పలక మీద రాస్తోంది. నేను జల్దీ చదవకపోతే పలక నా మోకాలికి కొడుతోంది.

నీ మీద కోపం పూర్తిగా పోలేదు. ముందే చెప్పనందుకు నా మీద నాకున్న కోపమూ పోలేదు. కానీ ఆమె ఆఖరున రికార్డు చేయించిన ఫైలు నీ పేరుతో ఉంది. "పరమేషూ, మీ అన్న చెప్పలే, నువ్వు అడగలే. ఇగ మనసుల పెట్టుకోకు" అని మొదలవుతుంది. ఇంకా నాలుగు నిమిషాలుంది. దాన్ని కాపీ చేసి పంపను. ఆదివారం వచ్చి, ఆమె పక్కన కూర్చుని విను.

మీ అన్న,
సిద్దయ్య