ఇసుక చెట్టుకి చెరువు మట్టి

న్యూజెర్సీ,
2009 మార్చి 8, ఆదివారం.

తమ్ముడు దామోదర్‌ని అన్న హనుమయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, గిరిజ, అల్లుడు తేజేశ్వర్ బాగానే ఉన్నాం. నువ్వూ మరదలు వసంతలక్ష్మీ బాగుండాలి. క్షేమం అయిపోయింది. ఇక అసలు మాట.

పంపకాల నాడు పెద్దమనుషుల ముందు "మా అన్న చెయ్యి పడితే చెట్టు బతకదు" అన్నావు. పందొమ్మిదేళ్ళయింది. ఆ రోజు నుంచి నీ ఇంట్లో మెతుకు ముట్టలేదు. నువ్వు మరిచిపోయి ఉంటావు. అన్నవాడు మరిచిపోతాడు, పడ్డవాడు మరిచిపోడు.

నీ ఉత్తరం అందింది. పంపకాల్లో ఎవరికీ అక్కర్లేక ఉమ్మడిగా వదిలేసిన నాన్న దిబ్బ తోటని రొయ్యల చెరువులకి ఇచ్చేద్దామని రాశావు. ఏప్రిల్ ఇరవైన రిజిస్ట్రేషను, కాగితం మీద సంతకం పెట్టి పంపమన్నావు. ఆ కాగితం నా దిండు కింద ఉంది. ఫోన్ చేసి మాట్లాడమంది గిరిజ. ఫోనులో నీ గొంతు వింటే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత గానీ మాట రాదు. ఉత్తరమైతే చింపేసి మళ్ళీ రాసుకోవచ్చు. ఇది నాలుగోది. అయిదో క్లాసు చదువు కాబట్టి అక్షరాలు వంకర. కళ్ళజోడు పెట్టుకుని చదువుకో.

మోకాళ్ళు ఎట్లా ఉన్నాయని అడిగావు. మంచు కాలంలో మూలుగుతాయి, ఎండ వస్తే ఊరుకుంటాయి. కూరగాయలు దొరుకుతాయా అని మరదలు అడిగింది. నెలకోసారి గిరిజా అల్లుడూ ఎడిసన్ ఊళ్ళో మనవాళ్ళ కొట్లున్న వీధికి వెళ్ళి దొండకాయలూ గోంగూరా తెస్తారు. ఆ వీధి పేరు ఓక్ ట్రీ రోడ్డు. వీధంతా చీరల కొట్లూ మిఠాయి కొట్లే, ఓకు చెట్టు మాత్రం నా కంట పడలేదు.

ఓకు చెట్లన్నీ మా ఇంటి వెనకే ఉన్నాయి. వెనక తలుపు తీస్తే ఓకులూ పైన్‌లూ కలిసిన అడవి. నేల అచ్చం మన బాపట్ల పక్క నేలే, తెల్ల ఇసుక. ఒకప్పుడు సముద్రం ఇక్కడిదాకా ఉండేదట. మొదటిసారి దాని మీద అడుగు పెట్టిన రోజు చెప్పులు విడిచి నిలబడ్డాను. నాన్న దొరువులో కడవ ముంచి తెచ్చిన తియ్యటి నీళ్ళు గుర్తొచ్చాయి. సముద్రానికి కూతవేటు దూరంలో, ఇసుకలో నిలువెత్తు గుంట తవ్వితే ఆ తీపి ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. మనిద్దరం తాటిమట్ట మీద కూర్చుని దిబ్బ మీంచి జారేవాళ్ళం. పచ్చి జీడిగింజ కొరికి నీ మూతి వారం రోజులు బూరెలా వాచింది. కొరికింది నువ్వు, దెబ్బలు తిన్నది నేను.

పోయిన నెల ఒకనాడు ఆ అడవిలో పొగ లేచింది. చేతుల్లో నిప్పు డబ్బాలతో మనుషులు తిరుగుతున్నారు. నేను గిరిజని కేకేశాను.

"ఫైరింజనుకి ఫోన్ చెయ్యవే, అడవి అంటించేస్తున్నారు."

"వాళ్ళే ఫైర్ వాళ్ళు నాన్నా. కంట్రోల్డ్ బర్న్, కావాలనే అదుపులో పెట్టి కాలుస్తున్నారు. మనకి ముందే లెటర్ కూడా వచ్చింది."

"అడవి తగలెయ్యడానికి ఉత్తరం కూడానా?"

పక్కింటి వాల్టర్ కంచె అవతల నుంచి నవ్వాడు. నా ఈడువాడు, ముప్ఫయ్యేళ్ళు ఈ నిప్పు పనే చేశాడట. అతను చెప్పడం, గిరిజ తెలుగులో చెప్పడం. చలికాలంలో నేల చెమ్మగా ఉన్నప్పుడు పెడితే మంట మోకాలు దాటదట, రాలిన ఆకు మాత్రమే తింటుందట. ఓకు ఆకు ఎండితే ముడుచుకుంటుంది, సందుల్లో గాలి ఆడి చక్కగా కాలుతుంది. పక్కనే పెరిగే మేపుల్ చెట్టు ఆకు తడిసిన అప్పడంలా నేలకి అతుక్కుపోతుంది. ఏళ్ళ తరబడి నిప్పు లేకపోతే మేపుల్‌లు పెరిగి నీడ కమ్మేస్తాయి, ఓకు పిల్లలకి ఎండ అందదు. ఓకు బెరడు మందం, కాస్త మంటకి చావదు. కాండం కాలినా వేరు నుంచి మళ్ళీ పిలక వేస్తుంది.

నేను నమ్మలేదని అడవి అంచున ఒక పొద దగ్గరికి తీసుకెళ్ళి ఇసుక తోడి చూపించాడు. పైన మోకాలెత్తు పొద, కింద నా తొడంత వేరు.

"ఆ వేరు వయసులో నీకన్నా పెద్దదట నాన్నా," అంది గిరిజ.

"అయితే దణ్ణం పెట్టమను."

"పెడతాడట. ముందు నీకా, దానికా అని అడుగుతున్నాడు."

వెనక్కొస్తూ అతను మా పెరట్లోని పెద్ద ఓకు దగ్గర ఆగాడు. పైకొమ్మలు ఎండిపోయి ఉన్నాయి. చెట్టు మొదలు దగ్గర కాలితో తన్ని చూసి, ఈ మట్టంతా ఎవరు పోశారని అడిగాడు. ఇల్లు కొన్నప్పటి నుంచీ అంతేనని చెప్పాను. గిరిజ ఆ మాటని ఇంగ్లీషులో చెప్పింది. చెప్పేటప్పుడు నా మొహం వైపు చూడలేదు.

దామోదర్, పోసింది నేనే. వచ్చిన ఏడాది, ఇసుకలో పస లేదు పాపం అని దాని మీద జాలిపడ్డాను. చుట్టూ మూరెడు లోతు పాదు తీశాను, అడ్డమొచ్చిన వేళ్ళు నరికాను. పూలమొక్కలకని అల్లుడు తెచ్చిన నల్లమట్టీ ఎరువూ సంచులకి సంచులు నింపి, రెండు వేసవులు సాయంత్రం పూట పైపు పెట్టాను. అది పేద నేలకి అలవాటుపడ్డ చెట్టట. వేరుకి ఊపిరాడక చస్తోందని వాల్టర్ చెప్పాడు.

ఆ మాట నేను ముందొకసారి విన్నాను. దిబ్బ తోటలో నలభై జీడిమామిళ్ళకి పాదులు తీయించి, బళ్ళ మీద చెరువు మట్టి తోలించిన రోజు నువ్వు పార పట్టుకుని నా ఎదురుగా నిలబడ్డావు. "అన్నా, ఇసుక చెట్టుకి బంకమట్టి పెడితే ఊపిరాడదు" అన్నావు. నిన్నగాక మొన్న పుట్టినోడివి నాకు చెప్తావా అని తిట్టాను. రెండు వానాకాలాలు తిరిగేసరికి చెట్లు పోయాయి. పురుగు పట్టిందని ఊరంతా చెప్పుకొచ్చాను. పురుగు లేదు. పంపకాల నాడు నువ్వన్నది నిజం. అబద్ధమైతే ఆ రోజే మరిచిపోయేవాణ్ణి.

ఇప్పుడు విను. నేను ఇక్కడికి వచ్చే ముందు దిబ్బ మీదికి వెళ్ళాను. నరికించిన మోళ్ళ పక్కన మేకలు కొరికి వదిలిన పొదలున్నాయి. పనికిరానివనుకుని వచ్చేశాను. అవి పిలకలని ఇప్పుడు తెలిసింది. పొక్లెయిను దిగితే ఆ వేళ్ళూ పోతాయి, దొరువు కూడా ఉప్పెక్కుతుంది.

నువ్వే స్వయంగా వెళ్ళు, కూలివాణ్ణి పంపకు. నాలుగు మోళ్ళ దగ్గర ఇసుక తోడి, వేరు గోటితో గీకి చూడు. ఎండి ఉంటే ఆ మాట రాయి, సంతకం పెట్టి పంపుతాను. పచ్చిగా ఉంటే రెండేళ్ళు మేకలు రాకుండా ముళ్ళకంచె వెయ్యి. మట్టి వెయ్యకు, నీళ్ళు పొయ్యకు, ఏమీ చెయ్యకు. పచ్చో ఎండో ఏప్రిల్ పన్నెండో తేదీ లోపు నీ చేత్తో రాసిన జవాబు నాకు అందాలి. ఆ తేదీ దాటితే కాగితం ఖాళీగానే తిరిగొస్తుంది.

ఇట్లు,
నీ పెద్దన్న,
హనుమయ్య