నిన్న సింహాచలం కనిపించాడు

మాస్టారూ,

మీరు పోయి నేటికి ఏడాది. నిన్న శ్రీకాకుళం కోర్టులో సింహాచలం కనిపించాడు. దొంగతనం కేసులో చిన్నతనంలోనే బాలల హోమ్‌కి వచ్చిన గజపతినగరం కుర్రాడు. మీరు యూనివర్సిటీలో మాకు క్రిమినాలజీ పాఠం చెబుతూనే, ఆదివారాలు ఆ హోమ్‌కి వెళ్లి పక్కన కూర్చుని చదివించినవాడు. బయటికొచ్చాక మోటారు షెడ్డులో పనికి పెట్టించారు. "వీడొక్కడు నిలబడ్డా చాలమ్మా, నా ఉద్యోగానికి అర్థం ఉన్నట్టే" అనేవారు.

నేను వేరే కేసు వాదించడానికి వెళ్లాను. అక్కడే వాడికి యావజ్జీవం పడింది. తాగిన గొడవలో తోటి మెకానిక్‌ని పొడిచి చంపేశాడట. అది జరిగేనాటికి మీరు మంచంలో ఉన్నారు, మీదాకా ఎవరూ తేలేదు. మీరు పోయిన సంగతీ జైల్లో ఉన్న వాడిదాకా వెళ్లలేదు.

మీతో హోమ్‌కి వచ్చేదాన్ని కదా, వరండాలో నన్ను గుర్తుపట్టి పిలిచాడు.

"మేడం, సారు బాగున్నారా?"

నేను చేతిలోని కేసు కాగితాలు సర్దుకోసాగాను. వాడు దాన్ని కోపమనుకున్నాడు.

"నా సంగతి ఆయనకి సెప్పకండి మేడం. తెలిస్తే ఈ ఎండలో బస్సెక్కి ఒచ్చేస్తారు. నాకోసం ఎంత సేసి ఏటి లాభం?"

"చెప్పనులే" అన్నాను.

"ఒట్టేయండి."

సంకెళ్లతోనే చెయ్యి చాపాడు. పక్కనున్న పోలీసు కూడా ఆగాడు. ఆ చేతిలో చెయ్యి వేసి ఒట్టేశాను.