ఎడమ కాలి పని

చింతామణి
11-8-2025, సోమవారం
తెల్లారి తుంపర, పది గంటలకు ఎండ. ట్రేలన్నీ కడిగి ఆరబెట్టాను.

శశికళకు,

నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి నేను ఊఁ అన్నాను. ఆ ఊఁ వెనక ఏముందో చెప్పడానికి ఈ కాగితం తీశాను. మీ తమ్ముడు పురుషోత్తమ్ ఇక్కడి మార్కెట్లో టమోటా దించి, ఖాళీ క్రేట్లతో మధ్యాహ్నం బాగేపల్లిలో నువ్వున్న మీ అమ్మ ఇంటికి తిరిగి వస్తాడు. అతని చేతికే ఇస్తాను. మధ్యలో విప్పినా చదవలేడు, అతనికి కన్నడ అక్షరాలే వచ్చు. నీకు తెలుగు అక్షరాలు మీ అమ్మ నేర్పింది. నాకు నేర్పినవి మన బస్టాండులో ఆగే మదనపల్లె, కదిరి బస్సుల బోర్డులు. నా రాత బోర్డు రాతలాగే ఉంటుందని నవ్వుతావు కదా. నవ్వు, కానీ చివరిదాకా చదువు.

ఇరవై ఐదో తేదీ నుంచి అత్తమ్మకు వారానికి రెండుసార్లు చిక్కబళ్ళాపురంలో డయాలిసిస్. పురుషోత్తమ్ ఎప్పుడూ లోడు మీద ఉంటాడు గనుక ఆమెను మన ఇంట్లో పెట్టుకుందామన్నావు. సంతోషం. మరి ఆస్పత్రికి ఎవరు తీసుకుపోతారని అడిగావు. పొద్దున్నే నేను పిల్ల పట్టుపురుగులను రైతుల ఇళ్లకు చేర్చాలి, ఎండ ఎక్కితే అవి బతకవు. ఆస్పత్రికి పోవాల్సిందీ ఆ వేళకే. అందువల్ల ఒక నిర్ణయానికి వచ్చాను. ఆటోమేటిక్ గేర్ల కారు కొంటున్నాను. అది నీ కోసం. తొమ్మిదేళ్ల కింద వదిలేసిన స్టీరింగ్ నువ్వు మళ్లీ పట్టుకోవాలి. క్లచ్ లేకపోతే నీకు భయం ఉండదు.

ఈ మాట మెకానిక్ బయ్యప్పకు చెబితే స్పానర్ కింద పెట్టి నవ్వాడు.

“ఏమప్పా గంగాధరప్పా, నువ్వా ఆటోమేటిక్ కొనేది? అది కారా, లిఫ్టా? ఎక్కి బటన్ నొక్కి నిలబడేదానికి?”

“నాకు కాదు. శశికళకు.”

“అక్క స్టీరింగ్ ముట్టి ఎన్నేండ్లయ్యిండాది? బ్యాటరీ దిగిపోతే ఆ బండిని తోసినా స్టార్ట్ కాదప్పా. రిపేరి వస్తే నా దగ్గరకు తేవద్దు, నాకు రాదు. ఆ కంపెనీవాళ్ల కాళ్లే పట్టుకో.”

అతను చెప్పింది అబద్ధం కాదు. అందుకే శనివారం చిక్కబళ్ళాపురం షోరూముకు పోయేటప్పుడు నా లెక్క నేను వేసుకున్నాను. ఇంటి నుంచి ఆస్పత్రి గేటు దాకా రెండు వందల పదహారు సార్లు క్లచ్ నొక్కాను. అందులో చింతామణి మార్కెట్ దాటడానికే డెబ్బై. వెనక సీట్లో ఒక ట్రే పురుగులు కూడా తీసుకుపోయాను. నా గేరు మార్పు పురుగులకు కూడా తెలియదని ఊళ్లో గొప్పలు చెప్పుకున్నవాణ్ణి కదా. ఆ కారు ఎంతదో అవే చెప్పాలి.

షోరూములో ప్రతిమ అని ఒక పిల్ల ఉంది. ట్రే మీది కాగితం ఎత్తి చూసి కేక వేసింది.

“సార్, ఇవి కదులుతాండాయి!”

“కదలాల్లమ్మా. కదలకపోతేనే నష్టం.”

“సీటు మీద పాకితే మా మేనేజరు నన్ను పనిలోనుంచి తీసేస్తారు సార్.”

“ఆకు వదిలి అవి యాడికీ పోవు. నువ్వు కూర్చో.”

నంది కొండ వైపు రోడ్డులో నాలుగు కిలోమీటర్లు తోలాను. గేరు తనంతట తాను మారుతుంటే నా ఎడమ చెయ్యి ఏం చేయాలో తెలియక తొడ మీద కూర్చుంది. ఒక మిట్ట మీద ఆపి బ్రేకు వదలమంది ఆ పిల్ల. వదిలాను. కారు వెనక్కి జారలేదు. రెండు క్షణాలు దానంతట అదే పట్టుకుంటుందట. తిరిగి వచ్చి ట్రే తెరిచి చూస్తే పురుగులు పెట్టినచోటే ఆకు తింటున్నాయి.

పాత కారు బయ్యప్ప తీసుకుంటానన్నాడు. నువ్వు సరేనంటే ఇచ్చేస్తాను.

ఇట్లు
గంగాధరప్ప

*

చింతామణి
14-8-2025, గురువారం
రోజంతా మబ్బు, వాన లేదు. మల్బరీ తోటలో మూడు సాళ్లు కొమ్మలు కత్తిరించాను.

శశికళకు,

జవాబు రాలేదు. పురుషోత్తమ్‌ను అడిగితే “అక్క ఏమీ చెప్పలేదు బావా, కాగితం మడిచి డబ్బాలో పెట్టుకునింది” అన్నాడు. నీకు కోపం వచ్చిందేమో. క్లచ్ లేకపోతే నీకు భయం ఉండదని రాశాను. ఆ మాట తప్పు. నీ భయానికి క్లచ్ కారణం కాదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ మిట్ట మీద కారు పట్టుకున్న రెండు క్షణాల గురించి రాశాను కదా. అప్పుడు నాకు మురుగమల్ల గుర్తొచ్చింది. ఆ ఏటి డైరీ తీశాను. నేను రాసుకున్నది రాసుకున్నట్టే కింద దించుతున్నాను.

“20-11-2016, ఆదివారం. ఎండ. మురుగమల్ల దర్గాకు పోయి వచ్చాము. మిట్ట మీద కారు వెనక్కి పోయి పూల బండికి తగిలింది. 21-11-2016, సోమవారం. చలి. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ మార్చాను.”

రెండో రోజు రాత చూడు. ఆ కేబుల్ మురుగమల్లలో తెగలేదు. దానికి పదకొండు రోజుల ముందే తెగింది. మన వాకిలి మిట్ట మీద ఉంది గనుక కారు ఆపగానే దిగి వెనక చక్రం కింద రాయి పెట్టడం నాకు మొదటి నుంచీ అలవాటు. ఏ ఊరు పోయినా డిక్కీలో ఆ రాయి ఉండేది. రాయి ఉండగా కేబుల్‌తో ఏం పని అని వాయిదా వేశాను. నీకు చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు, ఎందుకంటే మిట్టల మీద కారు నేనే తీసేవాణ్ణి.

ఆ రోజు దర్గా నుంచి బయటికి వచ్చాక “ఇప్పుడు నేను తీస్తాను” అన్నావు. లైసెన్సు వచ్చి నెల కూడా కాలేదు. నేను రాయి తీసి డిక్కీలో వేసి నీ పక్కన కూర్చున్నాను. నేను నేర్పినట్టే నువ్వు హ్యాండ్‌బ్రేక్ లాగావు, దాన్ని నమ్మి కింది బ్రేకు వదిలావు, గేరు వేశావు. ఒక్క తప్పు కూడా చేయలేదు. కారు వెనక్కి పోయింది. పూల బండి చక్రం విరిగింది, గులాబీలు రోడ్డు మీద పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు. హ్యాండ్‌బ్రేక్ లివరు వదులుగా ఊగడం చూడగానే నాకు సంగతి అర్థమైంది. అర్థమైన తర్వాతే అరిచాను.

“కండ్లు యాడ పెట్టుకోని తోలుతాండావు? నీకు స్టీరింగ్ ఎందుకు?”

అంతమంది ముందు అన్నాను. తప్పు నాదని ఎవరైనా కనుక్కుంటారేమోనని గట్టిగా అన్నాను. నువ్వు తాళం నా చేతిలో పెట్టి వెనక సీట్లో కూర్చున్నావు. మరుసటి రోజు కేబుల్ నేనే మార్చాను, బయ్యప్పకు కూడా తెలియనీయకుండా. ఆ రోజు నుంచి నువ్వు ముందు సీట్లోకి కూడా రాలేదు. ఎవరైనా అడిగితే ట్రేలు పట్టుకోవాలని చెప్పేదానివి. తొమ్మిదేళ్లు ఆ ట్రేల మాటను నేనూ నమ్మినట్టు నటించాను.

ఇది ఫోన్లో చెప్పలేను. ఎదురుగా అసలే చెప్పలేను. రాశాను. ఇప్పుడు కారు విషయం నువ్వే తేల్చు.

నీ
గంగాధరప్ప

*

బాగేపల్లి
17-8-2025

మీకు,

ఉత్తరం అందింది. రెండు రోజులు చేతిలో పెట్టుకొనే తిరిగాను. అమ్మ పట్టేసింది.

“ఏమి రాసినాడే అల్లుడు?”

“హ్యాండ్‌బ్రేక్ గురించి.”

“దానికి ఏడ్చేదెందుకే?”

ఏమని చెప్పను? తొమ్మిదేళ్లు నా కాలినే అనుమానించాను. రోలు దగ్గర నిలబడినా, బస్సు ఎక్కినా, ఈ కాలికి తెలివి లేదు అనుకునేదాన్ని. మీకు మాత్రం డైరీలో ఒక్క వరుసతో సరిపోయింది. నాకు కోపం తగ్గలేదు. తగ్గిందని రాస్తే అది అబద్ధం. చింతామణి వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకొని అడుగుతాను. అప్పుడు ఊఁ అంటే ఊరుకోను.

ఇంకొక సంగతి. కారు నా కోసం అన్నారు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు అన్నీ కనబడతాయి. మే నెలలో కైవార క్రాస్ దగ్గర మీ ఎడమ చెప్పు జారి పడిపోయింది. ఇంటికి వచ్చి దిగేదాకా మీకు తెలియలేదు. క్లచ్ నొక్కేముందు కిందికి చూస్తున్నారు, కాలు దాని మీద ఉందో లేదో అని. ఇదివరకు ఎప్పుడూ చూసేవారు కాదు. షుగరు కాలిదాకా వచ్చిందని మీకు తెలుసు. నాకూ తెలుసు. మీరు చెబుతారని చూశాను.

చెప్పలేదు గనుక నేను నేర్చుకున్నాను. అమ్మను చూసుకోవడానికి ఇక్కడికి వచ్చింది నిజమే. మధ్యాహ్నం పురుషోత్తమ్ ఖాళీ పికప్‌తో వస్తాడు కదా, అమ్మకు భోజనం పెట్టి, రెండు నెలలుగా రోజూ గంటసేపు క్వారీ మిట్ట మీద ఆ పికప్ తోలుతున్నాను. క్లచ్ ఉన్న బండే. మొదటి వారం ఎన్నిసార్లు ఆఫ్ చేశానో లెక్క లేదు. అమ్మ కూడా వచ్చి పక్కన కూర్చునేది.

“ఏమే, ఎనుమును తోలినట్ల అదిలిస్తాండావు? కొంచెం మెల్లగా రానీవే, నా నడుములు పోతాండాయి.”

“నువ్వు దిగమ్మా, నేను నేర్చుకుంటాను.”

“నేను దిగితే నిన్ను తిట్టేవాళ్లు ఎవరుండారే?”

నాకు యాభై నిండాయని లైసెన్సు గడువు అయిపోయింది. దాన్ని కూడా పోయిన నెల చిక్కబళ్ళాపురం పోయి కొత్తది చేయించుకున్నాను.

కాబట్టి ఆటోమేటిక్ కారు కొనండి. మీ కోసమని చెప్పి కొనండి, నా పేరు అడ్డం పెట్టుకోవద్దు. పాత కారు బయ్యప్పకు ఇవ్వవద్దు. అది నాకు కావాలి, గేర్లతో సహా. ముందు డాక్టరుకు కాలు చూపించండి.

ఇరవై నాలుగు ఆదివారం అమ్మను పికప్‌లో నేనే తీసుకొని వస్తాను. పురుషోత్తమ్ పక్కన కూర్చుంటాడు, నోరు మూసుకొని. మీరు రోడ్డు దాకా ఎదురు రావద్దు. వాకిట్లో రాయి పట్టుకొని నిలబడవద్దు.

శశికళ

*

చింతామణి
24-8-2025, ఆదివారం
ఎండ, పైన తెల్లమబ్బు. తెల్లారి వక్కలేరి, అనూరు వైపు రైతులకు పురుగులు చేర్చి వచ్చాను. అత్తమ్మకు కింది గదిలో మంచం వేశాను.

శశీ,

నువ్వు బయలుదేరి ఉంటావు. అయినా రాస్తున్నాను. నువ్వు దిగగానే అడుగుతావు, నేను ఊఁ అంటాను. అప్పుడు ఈ కాగితం నీ చేతిలో పెడతాను.

మంగళవారం డాక్టరు దగ్గరికి పోయాను. కళ్లు మూసుకోమని సన్నని తీగతో కాలు తాకాడు. కుడి కాలు బాగుంది, ఏడుకు ఏడు చెప్పాను. ఎడమ కాలికి ఎప్పుడు తాకాడో ఒక్కసారీ చెప్పలేకపోయాను. క్లచ్ ఉన్న బండి ఇక తోలవద్దన్నాడు. ఆటోమేటిక్ తోలవచ్చు, మూడు నెలలకొకసారి కుడి కాలు చూపించాలి. అది కూడా మొద్దుబారిన రోజు తాళం నీకే ఇచ్చేస్తాను. డైరీ మొదటి పేజీలో ఈ మాట రాసి సంతకం చేశాను, నువ్వు చూడవచ్చు.

షోరూములో ప్రతిమ “మేడమ్‌గారి పేరేమి సార్?” అని పెన్ను పట్టుకుంది. “మేడమ్‌కు గేర్ల కారు ఉండాది. ఇది నాకేనమ్మా” అన్నాను. ఎనభై కిలోమీటర్లు పోయి వచ్చి ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు చెమట పట్టింది. ఎట్ల పోయి వచ్చానని అడుగుతావు. బస్సులో. ఈ వారం పురుగులు కూడా అద్దె ఆటోలోనే పోయాయి. బుధవారం కొత్త కారు వస్తుంది.

బయ్యప్పకు కారు ఇవ్వనని చెప్పడానికి పోయాను. కాలి సంగతి కూడా చెప్పాను, మురుగమల్ల కేబుల్ సంగతి కూడా. నమ్మక, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఎడమ బొటనవేలు గట్టిగా గిల్లాడు.

“నొప్పిగా ఉండాదా?”

“ఎప్పుడు గిల్లినావు?”

నా కాలిని మెల్లగా చెప్పులో పెట్టాడు. తర్వాత చేతులు తుడుచుకొని “లిఫ్టే కొనప్పా” అన్నాడు. నీ కారుకు కొత్త క్లచ్ ప్లేటు వేసి, హ్యాండ్‌బ్రేక్ నా ముందే నాలుగుసార్లు లాగి చూపించి తెచ్చి నిలబెట్టాడు. “అక్కకు చెప్పు, కేబుల్ బయ్యప్ప చూసినాడని” అన్నాడు. చెబుతున్నాను.

నీ కోపం గురించి నేనేమీ అడగను. ఎన్నాళ్లు ఉండాలో అన్నాళ్లు ఉండనీ. రేపు ఆస్పత్రికి నువ్వు తోలేటప్పుడు నేను వెనక సీట్లో అత్తమ్మ పక్కన కూర్చుంటాను. ట్రేలు కూడా నేనే పట్టుకుంటాను. మిట్ట మీద నోరు తెరవను.

కింద మలుపు దగ్గర పికప్ శబ్దం వినిపిస్తోంది. పురుషోత్తమ్ అయితే ఆ మలుపులో మూడో గేరులోనే లాగి ఇంజనును ఏడిపిస్తాడు. ఇది రెండుకు దిగింది, గీరుకోకుండా. నువ్వే.

ఆగింది. మన మిట్ట సగంలో, గంగమ్మ ఇంటి ముందు. గొర్రెలు అడ్డం పడినట్టున్నాయి, అరుపులు వినబడుతున్నాయి. సరిగ్గా మురుగమల్లలాంటి చోటే. లేచి పోవాలని ఉంది. రావద్దన్నావు గనుక కుర్చీలోనే ఉన్నాను, పెన్ను వదలలేదు. గొర్రెలు పోయాయి. ఇంజను కొంచెం బరువెక్కింది.

వెనక్కి జారలేదు.

పైకి వస్తోంది. త్వరగా ముగిస్తాను, నేటి పనులు ఇంకా పూర్తిగా రాయలేదు. నీ కారు అద్దాలు తుడిచాను. ముందు సీటు మీది ట్రేలు తీసి వెనక పెట్టాను. డ్రైవరు సీటును క్లచ్ నీ కాలికి అందేటట్టు ముందుకు జరిపాను. వాకిటి పక్కన ఉన్న ఆ రాయిని పొద్దున్నే మల్బరీ తోటలో పడేసి వచ్చాను.