రేపు చూడబోయే ఇంటి నీళ్లు

శనివారం, రాత్రి

...ఈపొద్దు కూడా నాయనకు చెప్పలేకపోయినా. రేపు కదిరిలో మేం చూడబోయే ఇల్లు నా ఫ్రెండ్ దివ్య వాళ్లది. ఆ ఇంట్లో బోరు ఎండిపోయింది. తెల్లారేలోపల ట్యాంకర్ నీళ్లు సంపులో నింపి, మోటారు వేస్తే బోరు నీళ్లే అనుకునేట్టు పైపు కలుపుతారంట. స్కూల్లో లంచ్ అప్పుడు ఏడ్చుకుంటా చెప్పింది. వాళ్లమ్మ ఆపరేషన్‌కి ఇల్లు అమ్మక తప్పదంట. ఎవురికీ చెప్పనని ప్రామిస్ చేయించుకునింది.

మా నాయన చేన్లో బోర్లు ఎండిపోయినందుకే చేను అమ్మేసినాడు. ఇంగ మిగిలింది చేను అమ్మిన ఈ దుడ్లే. సాయంత్రం నాయన రేపటికని చెంబు తోముతాంటే అమ్మ నవ్వింది.

“ఇల్లు చూసేదానికి చెంబెందుకప్పా? గోడలు కడుగుతావా?”

“గోడలదేముందే, నీళ్లు తాగి చూడాల. నా నాలుకకు బీడీ రుచి తప్ప ఏం తెల్దు. మన పాప తాగి బాగుండాయంటేనే అడ్వాన్స్ ఇస్తా.”

అని నాయన కూడా నవ్వినాడు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో. చెప్తే దివ్య వాళ్లమ్మ ఏమైతుందో. చెప్పకుంటే మేం...

తలుపు కొడతాండాడు నాయన. లైటు చూసినట్టుండాడు. ఈ డైరీ పరుపు కింద పెట్టి, మొగం తుడుచుకోని తలుపు తీయాల.