సాక్సులు లాగి చూడకు

వంటింటి బల్ల మీద మూడు సీసాలున్నాయి. వాటికి తొడిగినవి నీ సాక్సులే, ఉతికినవే, భయపడకు. లాగి మాత్రం చూడకు. మూడూ కొంచెం కొంచెం పోసుకుని నిదానంగా తాగు. ఏది బాగుందో ఈ చీటీ వెనకాల రాయి.

నిన్నటి రెడ్ వైన్‌లే. ఒకే తోటవి, మూడు వేర్వేరు ఏళ్లవి. నాకు వానల ఏడాదిది నచ్చిందన్నాను. మామయ్యగారు లేబుల్ చూసి, "ఆ ఏడాది ద్రాక్షంతా నీళ్లోడిందమ్మా, పాతదాని ముందు ఇదెంత! నీ నాలుకింకా కొత్తది" అన్నారు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు, అదీ నా పక్కనే కూర్చుని! వైన్ కొట్టు నడిపి ఆయన తల పండిపోయి ఉండవచ్చు. నా నోటికి ఏది రుచో నాకే తెలుసు. మాట మార్చను గాక మార్చను.

నీకు పాతదే నచ్చితే అదే రాయి, నా మొహం చూసి అబద్ధమాడకు. వానల ఏడాదిది నచ్చిందా, రేపు భోజనాల దగ్గర ఆ నవ్విన నోటితోనే అందరికీ వినబడేలా చెప్పాలి.

క్లాసు చెప్పి వచ్చేస్తాను. చివరి చాక్లెట్ ముక్క నీకే దాచాను. కోపంగానే దాచాను.

మరిచాను: మధ్యాహ్నం మామయ్యగారు నిన్న వదిలేసిన గొడుగు కోసం వచ్చారు. "సీసాలకి ఇదేం వేషమమ్మా" అంటూ మూడూ రుచి చూసి, ఒకదాని దగ్గర ఆగిపోయి, "ఇదే పాతది, ఇంకో గుక్క పొయ్యి" అన్నారు. అది ఏ ఏడాదిదో ఆయనకు చెప్పలేదు, నీకూ చెప్పను. ఆయన వెళ్లినప్పటి నుంచీ పాడుకుంటూనే ఉన్నాను.